ఓర్వకల్లు నుంచి గన్నవరం: 296 కిలోమీటర్లు, 65 నిమిషాలు, నాలుగున్నర గంటలు

కర్నూలు నుంచి విజయవాడకు విమానంలో ఎంత దూరం, ఎంత టైమ్ పడుతుందని వెతికితే ఒక్కోచోట ఒక్కో లెక్క కనిపిస్తుంది. ఒకచోట 280 చిల్లర కిలోమీటర్లు, ఇంకోచోట 300, మరోచోట ఏకంగా రోడ్డు దూరమే వేసేసి ఉంటుంది. టైమ్ కూడా అంతే, 35 నిమిషాలని ఒకరంటే గంటా అయిదు నిమిషాలని ఇంకొకరంటారు. 2025 ఆగస్టులో నాన్నను తీసుకుని నేను ఆ విమానంలో వెళ్లాను. వెళ్లేముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను, వెళ్తున్నంతసేపూ గడియారం చూసుకుంటూనే ఉన్నాను. మా వైపు నుంచి హైకోర్టుకో సచివాలయానికో పోవాల్సినవాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

నాన్న రిటైరై చాలా ఏళ్లయింది. పింఛను బకాయిల మీద కేసు హైకోర్టులో నడుస్తోంది. అఫిడవిట్ మీద సంతకాలు కావాలి, సర్వీసు పుస్తకం తాలూకు కాగితాలన్నీ తీసుకుని ఒకసారి ఆయన్నే రమ్మనండి అని లాయరు గారు ఫోన్ చేశారు. హైకోర్టు 2019 నుంచి అమరావతిలో, నేలపాడు దగ్గర ఉంది. మాకు అది దగ్గరేం కాదు. రోడ్డు మీద దాదాపు 350 కిలోమీటర్లు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోయే అడవి దారిలో రాత్రిపూట ఆంక్షలు ఉంటాయి కాబట్టి రాత్రి బస్సు నంద్యాల, గిద్దలూరు మీదుగా వెళ్తుంది, ఎనిమిది తొమ్మిది గంటల పని. రైలు ఎక్కాలంటే మామూలుగా నంద్యాలకో డోన్‌కో పోవాలి. నాన్నకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, గిద్దలూరు ఘాట్‌లో బస్సు ఊగుతుంటే ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకుని పళ్ల బిగువున కూర్చోవడం ఇదివరకు చూశాను. మళ్లీ ఆ అవస్థ పెట్టడం నాకు ఇష్టం లేదు.

అలా విమానం సంగతి చూశాను. కర్నూలు దగ్గరున్న ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మొదట బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం విమానాలు వచ్చాయి గానీ విజయవాడకు మాత్రం లేదు. అది 2025 జులైలో వచ్చింది, వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శనివారాలు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరి నుంచి ఇప్పటి రాజధాని పక్కకు విమానం రావడానికి ఇన్నేళ్లు పట్టిందంటే నాకు బాధగానే ఉంటుంది. వచ్చినందుకు సంతోషం కూడా ఉంది.

ఇక దూరం లెక్క. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, కాబట్టి ఎవరో చెప్పిన అంకె నమ్మడం కంటే వేసి చూసుకోవడమే నాకు తేలిక. పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు. ఓర్వకల్లు విమానాశ్రయం దాదాపు 15.71 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.16 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం 16.53, 80.80. అక్షాంశాల తేడా 0.82 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే ఉత్తరానికి 91 కిలోమీటర్లు జరగాలి. రేఖాంశాల తేడా 2.64 డిగ్రీలు. ఇక్కడ మాత్రం నేరుగా 111తో గుణించకూడదు, ఎందుకంటే భూమధ్యరేఖ నుంచి పైకి వచ్చేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. మన 16 డిగ్రీల దగ్గర కొసైన్ విలువ 0.961, అంటే ఒక డిగ్రీకి సుమారు 106.7 కిలోమీటర్లు. అలా తూర్పుకు 282 కిలోమీటర్లు. 91 వర్గం, 282 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 296. పైలట్ల భాషలో చెప్పాలంటే 160 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు కదా. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇది పూర్తిగా కచ్చితం కాదు గానీ, ఇంత చిన్న దూరానికి ఆ తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు.

మరి 280 చిల్లర అనే లెక్క ఎక్కడిది? అది ఊరికి ఊరికి మధ్య దూరం. కర్నూలు ఊరి నడిబొడ్డు నుంచి విజయవాడ ఊరి నడిబొడ్డుకు గీత గీస్తే 286 దాకా వస్తుంది. కానీ విమానం ఊరి నుంచి ఊరికి పోదు, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి పోతుంది. గన్నవరం విజయవాడ దాటి తూర్పున ఉంది, ఊరికి 20 కిలోమీటర్ల దూరం. మా సంగతైతే ఇంకా చిత్రం, మేం పోవాల్సింది నేలపాడు. ఓర్వకల్లు నుంచి నేలపాడుకు నేరుగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లే. అంటే విమానం మమ్మల్ని హైకోర్టు పక్కనుంచే దాటించి 30 కిలోమీటర్లకు పైగా అవతల దించుతుంది, అక్కడి నుంచి కృష్ణ దాటి మళ్లీ వెనక్కి రావాలి. విమానం ఎక్కేముందు ఎవరైనా చూసుకోవాల్సింది ఇదే, దిగాక ఎటువైపు పోవాలి అన్నది.

టైమ్ విషయానికొస్తే, ఈ దారిలో తిరిగేది ఏటీఆర్ 72, రెండు పంకాల విమానం. పైకి వెళ్లాక గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 296ను 500తో భాగిస్తే 35 నిమిషాలు. కొన్నిచోట్ల కనిపించే 35 నిమిషాలు ఈ భాగహారమే. కానీ టికెట్ మీద నాకు కనిపించింది గంటా అయిదు నిమిషాలు. మిగతా అరగంట ఏమైనట్టు? ఇది తెలుసుకోవాలనే గడియారం చూసుకుంటూ కూర్చున్నాను.

విమానసంస్థలు టికెట్ మీద వేసే టైమును బ్లాక్ టైమ్ అంటారు. తలుపు మూసి, విమానం నిలబడిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల దిగి నిలబడేదాకా ఉన్న మొత్తం సమయం అది. గాల్లో ఉండే సమయం అందులో ఒక ముక్క మాత్రమే.

మాకు బుధవారం మధ్యాహ్నం విమానం. భోజనాలు కాగానే ఇంటి నుంచి ఓర్వకల్లుకు కారులో 40 నిమిషాలు, నంద్యాల రోడ్డు బాగుంది, రాళ్ల తోట దగ్గర కొండరాళ్లు చూసుకుంటూ వెళ్లిపోయాం. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, పైగా నాన్నకు చక్రాల కుర్చీ అడిగాను కాబట్టి గంటన్నర ముందే చేరాం. టికెట్ బుక్ చేసేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని పెట్టేయండి, అక్కడికెళ్లి అడిగితే దొరుకుతుందో లేదోనన్న టెన్షన్ ఉండదు. చిన్న టెర్మినల్, నాలుగడుగులు వేస్తే అన్నీ అయిపోతాయి, పెద్ద విమానాశ్రయాల్లోలా కిలోమీటర్లు నడవక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇలాంటి చిన్న విమానాశ్రయాలే మేలని గట్టిగా చెప్తాను. విమానం ఎక్కేది వెనక తలుపు నుంచి, తలుపే కిందికి వాలి మెట్లవుతుంది, అయిదారు మెట్లంతే. నాన్న ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కేశారు. లోపల అటు రెండు ఇటు రెండు సీట్లు, మధ్య సీటు గొడవ లేదు. పైన సామాను పెట్టే అర చిన్నది, నాన్న కేసు కాగితాల సంచీ పట్టింది గానీ పెద్ద సూట్‌కేసు అయితే పట్టదు.

కదలడం మొదలైంది. రన్‌వేకి సమాంతరంగా వేరే దారేం కనిపించలేదు, విమానం రన్‌వే మీదికే వెళ్లి, దాని మీదే చివరిదాకా మెల్లగా నడిచి, అక్కడ గుండ్రంగా తిరిగి, అప్పుడు పరుగు అందుకుంది. కదిలినప్పటి నుంచి చక్రాలు నేల విడిచేదాకా 9 నిమిషాలు. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. ఏటీఆర్‌కు నిండు బరువుతో 1,300 మీటర్ల పైచిలుకు చాలు కాబట్టి ఇబ్బంది లేదు. ఇలాంటి ఊళ్లకు ఏటీఆర్‌లు రావడానికి ఇదొక కారణం. ఇంకో కారణం దూరం. 300 కిలోమీటర్లకు జెట్ విమానం వేసినా కలిసొచ్చేది మహా అయితే పది నిమిషాలు, ఇంధనం మాత్రం చాలా ఎక్కువ తాగుతుంది. జెట్ పూర్తి వేగం అందుకునేసరికే దిగాల్సిన టైమ్ వచ్చేస్తుంది మరి.

ఏటీఆర్ కూడా పైకి ఎక్కేటప్పుడు 500 వేగంతో పోదు. ఎక్కడానికి ఓ పావుగంట, దిగడానికి దాదాపు అంతే, మధ్యలో పూర్తి వేగంతో సాగేది కొద్దిసేపే. అందుకే చిన్న దూరాలకు భాగహారం పనికిరాదు. ఢిల్లీ దాకా పోయే విమానానికి ఎక్కడం దిగడం మొత్తంలో చిన్న భాగం, మనకు అదే ముప్పాతిక వంతు. తరగతిలో దూరం, వేగం, కాలం పాఠం చెప్పేటప్పుడు సగటు వేగం అంటే ఏమిటో ఇప్పుడు ఈ లెక్కే పెడుతున్నాను, పిల్లలకు బాగా ఎక్కుతోంది.

ఎడమ వైపు కిటికీ సీటు తీసుకోమని మాత్రం అందరికీ చెప్తాను. మ్యాప్ మీద గీత గీసుకుని మరీ తీసుకున్న సీట్లు అవి. ఏటీఆర్ రెక్కలు పైన ఉంటాయి, కింద నేల అడ్డం లేకుండా కనిపిస్తుంది. తూర్పుకు తిరిగిన కాసేపటికే ఎడమ పక్కన శ్రీశైలం వెనక జలాలు. ఆగస్టు కదా, నిండుగా ఉన్నాయి, ఎర్రటి నీళ్లు కొండల సందుల్లోకి వేళ్లు చాపినట్టు పాకి ఉన్నాయి. నాన్న అప్పటిదాకా కళ్లు మూసుకుని కూర్చున్నారు, అదే ఆయన మొదటి విమాన ప్రయాణం. చెయ్యి పట్టుకుని చూడు నాన్నా అన్నాను. కిటికీకి నుదురు ఆనించి చాలాసేపు చూశారు. ఆ నీళ్ల కింద మా నాయనమ్మ పుట్టిన ఊరుంది, ప్రాజెక్టులో మునిగిపోయిన ఊళ్లలో అదొకటి. "యాడుండాదో పోల్చుకోలేకపోతాండాను మ్మా, అంతా నీళ్లే" అన్నారు. ఆ తర్వాత మళ్లీ కళ్లు మూసుకోలేదు.

శ్రీశైలం దాటాక నల్లమల మీద మబ్బులు. మధ్యాహ్నం పూట, అందులోనూ వానాకాలం, కొండల మీద గాలి పైకి లేస్తుంది కాబట్టి విమానం కుదుపులు తప్పవు. కొంచెంసేపు బాగానే ఊగింది, నాన్న కడ్డీ కోసం వెతికారు, నా చెయ్యి దొరికింది. గిద్దలూరు ఘాట్ కంటే నయమా అని అడిగితే నయమే అన్నారు. అడవి అయిపోగానే మబ్బులు చెదిరిపోయాయి, కింద పల్నాడు పొలాలు, కాలువలు, ఆ తర్వాత నరసరావుపేట మీదుగా వెళ్లాం, గుంటూరు కుడి వైపుకు, అమరావతి ఎడమ వైపుకు. "నాన్నా, మనం రేపు పోవాల్సిన కోర్టు ఆ పక్కనే" అని చూపించాను. అప్పటికి నేల విడిచి అరగంట కావస్తోంది. నేరుగా దిగిపోతే ఇంకో ఆరేడు నిమిషాలే.

కానీ నేరుగా దిగలేదు. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, 08, 26 అని దాని రెండు చివర్లకు అంకెలు. విమానం మామూలుగా గాలికి ఎదురుగా దిగుతుంది. వానాకాలంలో మనకు గాలి పడమటి నుంచి వీస్తుంది, కాబట్టి పడమటి నుంచి వచ్చిన మా విమానం రన్‌వే దాటి ఏలూరు వైపు ముందుకు పోయి, అక్కడ వెనక్కి తిరిగి, పడమటి ముఖంగా దిగింది. ఆ చుట్టుకే దాదాపు పది నిమిషాలు పోయింది. గాలి తూర్పు నుంచి వీచే రోజుల్లో బెజవాడ మీదుగా నేరుగా దిగిపోవచ్చు, అప్పుడు ఆ పది నిమిషాలూ మిగులుతాయి. ఒకే దారి, ఒకే విమానం, ఒకే దూరం అయినా రోజుకో టైమ్ రావడానికి ఇదే పెద్ద కారణం. విమానసంస్థ టికెట్ మీద 65 నిమిషాలు వేసింది కూడా ఇలాంటివన్నీ కలుపుకునే. చక్రాలు నేల విడిచినప్పటి నుంచి నేల తాకేదాకా నాకు వచ్చింది 44 నిమిషాలు. దిగాక నిలబడే చోటికి చేరడానికి 5. ముందు 9. మొత్తం 58. చెప్పిన టైమ్ కంటే 7 నిమిషాలు ముందే తలుపు తీశారు.

అంతటితో ప్రయాణం అయిపోలేదు కదా. చక్రాల కుర్చీ వచ్చి, సామాను తీసుకుని బయటపడేసరికి 20 నిమిషాలు. అక్కడి నుంచి జాతీయ రహదారి మీద బెజవాడ ఊళ్లోకి సాయంత్రం ట్రాఫిక్‌లో 50 నిమిషాలు, అంటే గాల్లో ఉన్న సమయం కంటే ఎక్కువ. ఇంటి తలుపు వేసినప్పటి నుంచి లాడ్జి గది తలుపు తీసేదాకా కూడితే నాలుగున్నర గంటలకు కాస్త తక్కువ. అందులో మేం గాల్లో ఉన్నది ఆరో వంతు. బస్సులో అయితే ఎనిమిది తొమ్మిది గంటలు, అంటే సగం మిగిలింది. అంతకంటే పెద్ద సంగతి, నాన్న మర్నాడు పొద్దున లేచి తన కాళ్ల మీద తాను కోర్టు మెట్లెక్కారు. బస్సులో వచ్చిన మర్నాడు ఆయన మంచం దిగడానికే నా సాయం కావాల్సి వచ్చేది.

ధర చెప్పాలంటే ఏసీ స్లీపర్ బస్సు టికెట్‌కు రెండింతల పైనే అయింది. ఇక్కడ ఒక మాట. చిన్న ఊళ్లకు విమానాలు నడపాలని 2016లో కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, కొన్ని సీట్లను 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలని పెట్టారు, దూరం మారితే ఆ పరిమితీ మారుతుంది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదలైన మొదటి విమానాల్లో సిమ్లా, ఢిల్లీతో పాటు మన కడప, హైదరాబాద్ విమానం కూడా ఉంది. అంటే ఈ చిన్న ఊళ్ల మధ్య దూరం తెలుసుకోవడం ఉబుసుపోక చేసే పని కాదు, అలాంటి పథకంలో ప్రయాణికుడు కట్టే ధరకూ ప్రభుత్వం ఇచ్చే సాయానికీ అదే కొలబద్ద.

తిరుగు ప్రయాణం దగ్గరే చిక్కు వచ్చింది. గురువారం మధ్యాహ్నానికి సంతకాలు అయిపోయాయి, లాయరు గారు కాగితాలన్నీ చూసి సరిపోయాయన్నారు. కానీ తర్వాతి విమానం శనివారం. 44 నిమిషాల ప్రయాణం కోసం రెండు రాత్రులు లాడ్జిలో ఉండాలి, నాకు స్కూలుకు అన్ని సెలవులు లేవు. మధ్యలో ఆగుతూ పోదామని కారు మాట్లాడుకుని మర్నాడు నరసరావుపేట, వినుకొండ మీదుగా పగలే బయలుదేరాం. కంభం దగ్గర భోజనం, నంద్యాలలో టీ, ఇంటికి చేరేసరికి చీకటి పడింది. నాన్నకు మోకాళ్లు వాచాయి, రెండు రోజులు వేన్నీళ్ల కాపడం పెట్టాను.

అందుకే నన్నడిగితే విమానం వేగం కంటే, దూరం కంటే ముందు చూడాల్సింది అది ఏ రోజుల్లో ఉంది, పొద్దున ఉందా మధ్యాహ్నం ఉందా అన్నదే. కోర్టు పని గానీ సచివాలయం పని గానీ పగలు పదిన్నర నుంచి సాయంత్రం అయిదు లోపే ఉంటుంది. మధ్యాహ్నం విమానంలో పోయినవాడికి ఆ రోజు పని జరగదు. పొద్దున ఏడింటికి ఓర్వకల్లులో ఎక్కి, సాయంత్రం గన్నవరంలో ఎక్కేలా ఒక్క విమానం రోజూ ఉంటే కర్నూలు, నంద్యాల వాళ్లు ఒక్క పూట లాడ్జి ఖర్చు లేకుండా పని ముగించుకుని రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. సీట్లు నిండవేమోనని అంటారు. మేం వెళ్లిన రోజు ఖాళీ సీట్లు కొన్నే కనిపించాయి, చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది చేతుల్లో మాలాగే ఫైళ్లున్నాయి. ఈ సంగతి మా ఎంపీ గారి ఆఫీసుకు ఉత్తరం రాసి ఇచ్చాను, దూరం లెక్క, టైమ్ లెక్క రెండూ జత చేసి. మీరూ రాయండి.

నాన్న కేసు తర్వాతి వాయిదా మంగళవారం పడింది. సోమవారం విమానంలో పోయి బుధవారం విమానంలో వచ్చేయొచ్చు, ఎడమ వైపు సీట్లు రెండు అప్పుడే బుక్ చేసేశాను.